అరవై నాలుగో వంతు

నీళ్ళంటే నాకు భయం. ఇది దాచుకునే సంగతి కాదు, దాచినా దాగదు. సత్తుపల్లి పక్కన బొగ్గు దుమ్ములో పుట్టి పెరిగినదాన్ని. నీళ్ళంటే మా ఇంట్లో బిందెలో ఉండేవి, బకెట్లో ఉండేవి, అంతే. అలాంటిదాన్ని లెక్కల టీచరుగా గోదావరి ఒడ్డుకు బదిలీ చేశారు. భద్రాచలం వంతెన మీద బస్సు పోతుంటే అందరూ కిటికీల్లోంచి చేతులు జోడిస్తారు, రూపాయి బిళ్ళలు విసురుతారు. నేను కళ్ళు గట్టిగా మూసుకుంటాను. పక్క సీటువాళ్ళు నాది భక్తి అనుకుంటారు.

బూర్గంపాడు దాటి అడవి వైపు కొంత దూరం వెళ్తే మా ఆడపిల్లల హాస్టలు బడి. ముందు వరి పొలాలు, వాటి అవతల గోదావరి. వెనకాల వాగు. వాగు మీద చప్టా. చప్టా అంటే వంతెన కాదు, వాగుకు అడ్డంగా పోసిన సిమెంటు దారి. నీళ్ళు తక్కువగా ఉంటే దాని కింది తూముల్లోంచి పోతాయి, ఎక్కువైతే దాని మీద నుంచే పోతాయి. చప్టా దాటితే మెట్ట, మెట్ట మీద తారు రోడ్డు. బడికి రావాలన్నా, బడి నుంచి పోవాలన్నా ఆ చప్టా ఒక్కటే దారి. వచ్చిన మొదటి రోజే ఈ సంగతి గమనించి వరదొస్తే ఎలా అని అడిగాను. మా ప్రధానోపాధ్యాయురాలు నవ్వి, "గోదారి ఇక్కడిదాకా ఎన్నడు రాలేదమ్మా, నువ్వు ఊకె బుగులు పడకు" అంది.

నాకు నీళ్ళంటే ఎంత భయమో పిల్లలకు భిన్నాలంటే అంత భయం. నాలుగింట మూడు అంటే చాలు, తలలు దించుకునేవాళ్ళు. గీత పైన ఒక అంకె, గీత కింద ఒక అంకె, రెండింటికీ ఏ సంబంధమో అర్థం కాక బిక్కమొహాలు వేసేవాళ్ళు. వాళ్ళను దారికి తేవడానికి నేను ఈజిప్టు కథ ఎత్తుకున్నాను. వేల ఏళ్ళ కింద అక్కడా ఒక నది ఉండేదని, ఏటా పొంగి పొలాల గట్లన్నీ తుడిచిపెట్టేదని, నీళ్ళు తీశాక మోకులు పట్టుకుని మనుషులు వచ్చి ఎవరి చెక్క ఎంతో మళ్ళీ కొలిచేవాళ్ళని చెప్పాను. నది పక్కనే మెట్లు కట్టి, నీళ్ళు ఎన్ని మెట్లు ఎక్కాయో చూసి ఆ ఏడు పంట ఎలా ఉంటుందో లెక్క వేసేవాళ్ళని చెప్పాను.

"మన గోదారి లెక్కనే ఉన్నది మేడం" అంది ఒక పిల్ల.

ఆ మనుషులు భిన్నాలను మనలా రాయలేదు. దాదాపు ప్రతిదాన్నీ ఒక్కొక్క వంతుల కూడికగానే చూశారు. నాలుగింట మూడు అనరు, అర, దానికి తోడు పావు అంటారు. ఇదేదో చాదస్తంలా ఉంది గానీ రొట్టెలు పంచి చూస్తే దాని తెలివి తెలుస్తుంది. ఒకరోజు హాస్టల్లో చపాతీలు చేసినప్పుడు మూడు చపాతీలు తెచ్చి నలుగురు పిల్లల ముందు పెట్టాను. రెంటిని సగాలు చేయించాను, మూడోదాన్ని నాలుగు ముక్కలు చేయించాను. ఒక్కొక్కరి చేతికి ఒక సగం, ఒక పావు. నలుగురివీ ఒకే తీరు ముక్కలు, ఎవరికీ ఎవరి మీదా కన్ను కుట్టదు. ఆ రోజు నుంచి మా బడిలో భిన్నాల భయం పోయింది. నేను కాస్త గర్వపడ్డాను కూడా, చెప్పొద్దూ.

ఆ గర్వంలోనే కన్ను కథ చెప్పాను. ఈజిప్టు దేవుడొకడికి పోట్లాటలో కన్ను ముక్కలయిందట. ఇంకో దేవుడు ఆ ముక్కలన్నీ ఏరి అతికించాడట. ఆ ముక్కలు అర, పావు, అరపావు, అట్లా సగం సగం తగ్గుతూ అరవై నాలుగో వంతు దాకా ఆరు ముక్కలు. అన్నీ కలిపితే అరవై నాలుగింట అరవై మూడే అవుతుంది. ఒక్క వంతు తగ్గుతుంది. ఆ ఒక్కటీ దేవుడు తన మహిమతో నింపాడంటారు. ఈ భిన్నాల సంగతి నిజంగా ఆ పాతవాళ్ళదేనా, తర్వాతివాళ్ళు అల్లిందా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు ఆ వాదనతో పని లేదు. మా హాస్టల్లో పిల్లలు సరిగ్గా అరవై నాలుగు మంది.

అందరినీ ముందు వరండాలో నిలబెట్టాను. ముప్పై రెండు మంది అర వరుస. పదహారు మంది పావు వరుస. ఎనిమిది మంది అరపావు. నలుగురు వీసం, అంటే పదహారో వంతు. ఇద్దరు అరవీసం. ఒక్కతే కాణీ, అంటే అరవై నాలుగో వంతు, ఆ పిల్ల ఒక్కతే ఒక వరుస అయినందుకు ఛాతీ విరుచుకుని నిలబడింది. చివరికి ఒక పిల్ల మిగిలింది. సన్నగా, పొట్టిగా, ఏడో తరగతి పిల్ల. అడవి లోపలి గూడెం నుంచి వచ్చింది. ఇంట్లో వాళ్ళ భాష వేరు, తెలుగులో ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడుతుంది. వరండా స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని అడిగింది.

"నేనేడ నిలబడాలె మేడం?"

"నువ్వు కంట్లో లేవే" అని నవ్వాను. "అరవై నాలుగులో ఒక్క వంతు ఎంతనీ, అది పోతే కన్నుకేమవుతుంది? ఈజిప్టు వాళ్ళే వదిలేశారు."

అందరూ విరగబడి నవ్వారు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాకు జాలి వేసి, "సరేలే, నువ్వు దేవుడి వంతు. అందరూ వెళ్ళాక చివర్లో నేను పిలుస్తాను. నేను పిలిచాకే రావాలి. నువ్వు వస్తేనే కన్ను నిండుతుంది" అన్నాను. ఆ పిల్ల చాలా పెద్ద బాధ్యత అప్పగించినట్టు తల ఊపింది.

ఆ ఆట అక్కడితో ఆగలేదు. పిల్లలు దాన్నే అలవాటు చేసుకున్నారు. ప్రార్థనకు ఆ వరుసలే, అన్నానికీ ఆ వరుసలే. ఒక్కో వరుసకు ఒక లీడరు. వరుస కుదరగానే లీడరు "ఫుల్ మేడం" అని అరిచేది. అన్ని వరుసలూ పళ్ళేలు పట్టుకుని వెళ్ళాక స్తంభం దగ్గర నిలబడి ఉన్న పిల్లను నేను "రావే" అని పిలిచేదాన్ని. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చేది, మిగతావాళ్ళు "కన్ను నిండింది" అని అరిచేవాళ్ళు. నాకూ సరదాగానే ఉండేది. ఒకటి రెండు రోజులు నేను ఏదో ధ్యాసలో పడి మరిచిపోతే వంట చేసే అక్క కేకేసి పిలిచేది. ఆ రెండు రోజుల్లోనే నాకు బుద్ధి రావలసింది, రాలేదు.

ఆ ఏడు వానలు ఎడతెరిపి లేకుండా పట్టుకున్నాయి. మా ప్రధానోపాధ్యాయురాలు మీటింగుకని భద్రాచలం వెళ్ళి, వంతెన మీద రాకపోకలు ఆపేయడంతో అక్కడే చిక్కుబడిపోయింది. బడిలో పెద్దవాళ్ళం నేను, వంట అక్క, ఇద్దరమే. పొద్దున ఆటోలో మైకు తిరిగింది. గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, లోతట్టు వాళ్ళు జాగ్రత్తగా ఉండాలి అంటూ. నేను సుద్దముక్క తీసుకుని ముందు వరండా మెట్లకు ఒక్కోదానికీ ఒక్కో గీత గీశాను. బెత్తెడు ఎత్తైనా లేని ఆరు పొట్టి మెట్లు. అరగంటకోసారి వచ్చి చూశాను. ఆరూ పొడిగానే ఉన్నాయి. నది దూరంగా పొలాల అంచున ఎర్రగా కనబడుతోంది తప్ప దగ్గరికి రాలేదు. నా భయానికి ఇన్నాళ్ళకు ఒక కొలత దొరికిందని, ఇక కొలిచినంత మేరే భయపడితే చాలని అనుకున్నాను. ఆ పూట మనసు నిజంగానే కుదుటపడింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక వంట అక్క గంజి పారబోయడానికి వెనక్కి వెళ్ళి, ఖాళీ గిన్నెతో పరుగున వచ్చింది.

"మేడం, వాగు ఎనక్కి వస్తంది."

నాకు అర్థం కాలేదు. వాగు వెనక్కి రావడమేంటి?

"ఆకులు కిందికి పోవాలె గద, పైకి పోతన్నయి. గోదారి నిండింది, వాగు నీళ్ళను లోపలికి రానిస్తలేదు. మళ్ళీ మన దిక్కే నూకుతంది. చప్టా మీదికెక్కినయి నీళ్ళు."

ఈ ప్రాంతంలో పుట్టిన ప్రతివాళ్ళకీ ఇది తెలుసు. గోదావరి పొంగితే ముందు మునిగేది గోదావరి ఒడ్డు కాదు, వాగుల ఒడ్లు. అయినా వరద రోజున ఊరంతా గోదావరి వైపే చూస్తుంది. మైకు గోదావరి పేరే చెబుతుంది, ఫోన్లలో గోదావరి అడుగులే తిరుగుతాయి. నేనూ మెట్లకు గీతలు గీసింది ముందువైపే. వెనకవైపు ఒక్క గీత గీయలేదు.

వెనక్కి వెళ్ళి చూశాను. చప్టా కనబడటం లేదు, దాని రెండు పక్కల రాళ్ళు మాత్రం తేలి ఉన్నాయి. నీళ్ళకు ఒరవడి లేదు, చప్పుడు లేదు. చప్పుడు లేకుండా పెరుగుతున్నాయి. నీళ్ళు గోలగోలగా వస్తే ఎలా ఉండేదో గానీ, అలా మౌనంగా ఎక్కుతుంటే చూడలేక మొహం తిప్పుకున్నాను.

అవతల మెట్ట మీద పామాయిలు తోటలున్న రైతు ఒకాయన ఉంటారు. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయనకు ఫోను చేశాను. పది నిమిషాల్లో ట్రాక్టరుతో అవతలి ఒడ్డుకు వచ్చి, పెద్ద మోకు ఒకటి తెచ్చి, ఒక కొస ట్రాక్టరుకు, ఇంకో కొస ఇవతల చింతచెట్టుకు కట్టించారు.

"అమ్మా, ఇప్పుడు మోకాలు లోతే ఉంది. పిల్లలు మోకు పట్టుకుని నడిచి రాగలరు. ఇంకో గంట ఆగితే మాత్రం నా చేతుల్లో ఉండదమ్మా" అని ఒడ్డు మీద నుంచి కేకేశారు.

నేను ముందు వరండాలోకి పరిగెత్తి "వరుసలు!" అని అరిచాను. ఎంత గాబరాలో ఉన్నా పిల్లలు క్షణాల్లో నిలబడ్డారు. అర వరుసను తీసుకుని వంట అక్క ముందు కదిలింది. బడి గోడ చుట్టూ తిరిగి వెనకాల చప్టా దగ్గరికి వెళ్ళాలి. నేను గోడ మూల వాగు వైపు చూస్తూ నిలబడి ఒక్కో వరుసనూ పిలిచాను, ఒక్కో వరుసా వెళ్ళింది. అక్క అవతల నిలబడి ఒక్కొక్క పిల్లనూ చెయ్యందించి పైకి లాగింది. చివరికి కాణీ వరుస పిల్ల ఒక్కతే మిగిలింది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నేను నీళ్ళలోకి దిగాను. నిజం చెప్పాలంటే ఆ పిల్లే నా చెయ్యి పట్టుకుంది. నేను వంతెన మీద బస్సులో చేసే పనే చేశాను. కళ్ళు మూసుకున్నాను.

అవతలి ఒడ్డు ఎక్కాక వెనక్కి తిరిగి చూడలేదు. వానలో పిల్లలు మళ్ళీ వరుసల్లో నిలబడ్డారు. "అర ఫుల్ మేడం", "పావు ఫుల్ మేడం", "అరపావు ఫుల్", అలా ఆరు వరుసలూ ఫుల్. నాకు ప్రాణం లేచి వచ్చింది. భద్రాచలంలో ఉన్న మా ప్రధానోపాధ్యాయురాలికి ఫోను చేసి, అందరం దాటేశామని చెప్పాను.

"ఎంతమంది ఉన్నరు? లెక్కపెట్టినవా?" అంది.

"ఆరు వరుసలూ ఉన్నాయి మేడం. ముప్పై రెండు, పదహారు నలభై ఎనిమిది, ఎనిమిది యాభై ఆరు, అరవై, అరవై రెండు, అరవై మూడు."

"రిజిస్టర్ల అరవై నాలుగు గద?"

ఆమె ఇంకా ఏదో అడుగుతోంది. నాకు వినబడలేదు. ఎన్నోసార్లు బోర్డు మీద నేనే కూడి చూపించిన లెక్క అది. ఆరు వరుసలూ నిండుగా ఉన్నా అరవై మూడే వస్తుందని ఆ పిల్లలందరికీ నేర్పింది నేనే. ఏ వరుసలోనూ లేని పిల్ల రాకపోతే ఏ వరుసకూ తెలియదు. అందరూ వెళ్ళాక నేను పిలవాలి. నేను పిలవలేదు. నా ప్రాణం గురించి తప్ప ఆ ఘడియలో నాకు ఇంకే ధ్యాసా లేదు.

"అక్కా, స్తంభం దగ్గరి పిల్ల" అన్నాను.

అక్క వాగు వైపు తిరిగింది. చీర కుచ్చెళ్ళు ఎగగట్టింది. "నేను పోత. మీరు ఈడనే ఉండుండ్రి" అంది. చప్టా పక్క రాళ్ళు కూడా అప్పటికి మునిగిపోయాయి. అక్క దిగితే తొడల దాకా వచ్చాయి నీళ్ళు. నేను వెళ్ళాలి. తప్పు నాది, పిల్ల నాది, నేనే వెళ్ళాలి. నా కాళ్ళు కదల్లేదు. భయం అంటే ఏమిటో నాకు బాగా తెలుసనుకునేదాన్ని. ఆ రోజుదాకా నాకు తెలిసింది నా గురించిన భయమే. ఇది వేరు. పిల్ల ఉందో లేదో తెలియని భయం.

చివరికి సగం దాకా పోదాం అనుకున్నాను. సగమే కదా. మోకు పట్టుకుని సగం దాకా వెళ్ళాను. మిగిలిన దూరంలో ఇంకో సగం అనుకున్నాను, అదీ వెళ్ళాను. ఆ మిగిలినదాంట్లో మళ్ళీ సగం. అట్లా సగం సగం చేసుకుంటూ పోతే ఒడ్డు ఎప్పటికీ రాదని లెక్కల టీచరుకు వేరే చెప్పాలా? చివరి రెండు మూడు అడుగుల దగ్గర నీళ్ళు నడుము దాకా వచ్చేసరికి నిలబడిపోయాను. అక్క వెనక్కి వచ్చి నా జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"చేతులు ఇడువకుండ్రి మేడం, దా" అంది, పసిపిల్లను అదిలించినట్టు.

బడి చుట్టూ తిరిగి ముందుకు వచ్చాం. వాగు నీళ్ళు రెండు పక్కల నుంచీ ముందువైపుకు చేరి మెట్లెక్కేశాయి. నా సుద్దగీతలు ఒక్కటీ లేవు. వరండా మీద చీలమండల దాకా నీళ్ళు. స్తంభం పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది. ఒక చేత్తో స్తంభం, ఇంకో చంకలో నా హాజరు రిజిస్టరు. తరగతి గది తలుపులు కూడా మూసి గడియ పెట్టింది. ఏడవడం లేదు. పెదవులు మాత్రం నీలంగా ఉన్నాయి.

"ఇన్ని నీళ్ళొస్తుంటే ఎందుకు రాలేదే?" అని అరిచాను. ఆ అరుపు కోపం కాదు, ఏడుపు.

"మీరు పిలువలే గద మేడం" అంది.

ఆ పిల్ల ఇంకా స్తంభం వదల్లేదు. నా మొహం వైపే చూస్తోంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ పిల్ల ఇప్పటికీ ఎదురుచూస్తోంది. "రావే" అన్నాను. వెంటనే స్తంభం వదిలి నీళ్ళలోకి దిగింది.

అక్క ఆ పిల్లను భుజాల మీదికెత్తుకుంది. నేను వెనక మోకు పట్టుకుని, ఈసారి కళ్ళు తెరిచే దాటాను. మూస్తే ఆ పిల్ల మళ్ళీ కనబడకుండా పోతుందేమోనని. అవతల ఒడ్డెక్కగానే పిల్లలంతా అలవాటు ప్రకారం "కన్ను నిండింది" అని చప్పట్లు కొట్టారు. నేను బురదలో కూలబడి ఏడ్చాను. పొద్దుగూకేలోపు చింతచెట్టు మొదలు కూడా నీళ్ళలోకి పోయిందని ఆ రైతు చెప్పారు. నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు.

ఆ వరుసలు ఆ రోజుతో తీసేశాను. ఈజిప్టు కథ మాత్రం ఇప్పటికీ చెబుతాను, రొట్టెలూ పంచిస్తాను. కన్ను దగ్గరికి వచ్చేసరికి ఒక్క వంతు పోతే ఏమవుతుందని ఇప్పుడు అనలేను. పిల్లల్ని లెక్కపెట్టాలంటే ఒక్కొక్కరి తలనూ వేలితో తాకి లెక్కపెడతాను. పిల్లలు నవ్వుకుంటారు, మేడంకు చాదస్తం ముదిరిందని.

ఆ పిల్ల పదో తరగతి అయిపోయి మొన్న వేసవిలో వెళ్ళిపోయింది. ఆ రోజు తల్లులూ తండ్రులూ వచ్చి సంతకాలు పెట్టి పిల్లల్ని తీసుకుపోతున్నారు. నేను కాయితాల్లో మునిగిపోయి ఉన్నాను. వరండా ఖాళీ అయ్యాక తలెత్తి చూస్తే స్తంభం దగ్గర ఆ పిల్ల, పక్కన పెట్టె నెత్తిన పెట్టుకుని వాళ్ళమ్మ. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు.

"పోదాం రాయే అంటే వస్తలేదు మేడం" అంది తల్లి. "మేడం పిలువాలె అంటంది."

పిలిచాను. వచ్చింది. వచ్చి నా కాళ్ళకు దండం పెట్టబోతే భుజాలు పట్టుకుని ఆపాను. రేపు కాలేజీ, ఇంకో హాస్టలు, ఇంకో ఊరు. అక్కడ పిలిచేవాళ్ళు ఉంటారో లేదో.

"ఇక ఎవరూ పిలవకపోయినా వెళ్ళు. నీళ్ళొస్తే పరిగెత్తు. ఎవరు నిలబడమన్నా నిలబడకు, నేను చెప్పినా సరే. తెలిసిందా?" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. దేవుడి వంతు నువ్వే అని చెప్పిన రోజున ఎలా ఊపిందో అచ్చం అలాగే, పెద్ద బాధ్యత ఏదో అప్పగించినట్టు. అర్థమై ఊపిందో, మేడం చెప్పింది కాబట్టి ఊపిందో నాకు తెలియలేదు. ఈ ఏడు వానలు మొదలైన దగ్గర్నుంచి నాకు ఇదే భయం.